అగ్నివీరునకు మనము బాకీపడిన నాలుగేండ్లు

భారత రక్షణ మంత్రివర్యుల సన్నిధికి బహిరంగ లేఖ

అయ్యా,

నేను చిరకాలము ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడను. సైనికుడను కాను, సైనికుని కుమారుడనైనను కాను. యుద్ధతంత్రమును గూర్చి గాని, సైన్యపు సగటు వయస్సు ఎంత యుండవలెనను వివాదమును గూర్చి గాని తమకు చెప్పగల యోగ్యత నాకు లేదు. ఆ సంగతులు తెలిసినవారు తమ చుట్టును కావలసినంతమంది కలరు. నేను మనవి చేయబోవునది నా వృత్తికి సంబంధించినది. పదునెనిమిదవ యేటినుండి ఇరువదిరెండవ యేటివరకు గల కాలములో ఒక సామాన్యపు పిల్లవాడు ఎంతటివాడు కాగలడో తరగతిగదిలో నిలుచుండి ఏటేట చూచినవాడను గనుక, ఆ కాలమును ప్రభుత్వము ఒక యువకునివద్ద పుచ్చుకొన్నప్పుడు అతనికి మరల ఏమి ఈయవలెనో చెప్పుటకు నాకు కొంత అధికారము కలదని తలంచి ఈ లేఖ వ్రాయుచున్నాను.

2022 జూన్ 14వ తేదీన ప్రకటింపబడిన అగ్నిపథ్ పథకము ననుసరించి, 17½ ఏండ్లు నిండిన బాలుడు 4 ఏండ్ల గడువునకు అగ్నివీరుడను పేర సైన్యమున చేరును; గడువు తీరిన పిమ్మట నూటికి 25 మందికి మించకుండ స్థిరముగా నిలుపుకొని తక్కినవారిని ఇండ్లకు పంపివేయుదురు. పోవువాని చేతికి సేవానిధి యను మొత్తము వచ్చును. అది ఏ విధముగా కూడునో పలువురకు తెలియదు గావున లెక్క చెప్పెదను. నెలజీతము మొదటి యేడు 30,000 రూపాయలు, రెండవ యేడు 33,000, మూడవ యేడు 36,500, నాలుగవ యేడు 40,000. ఇందు నూటికి 30 వంతున ప్రతినెలయు కోతపడును. నెలకు 9,000తో మొదలై 12,000తో ముగియు ఆ కోత నాలుగేండ్లకు 5,02,200 రూపాయలగును; ప్రభుత్వము తన వంతుగా అంతియే చేర్చును; వడ్డీతో కూడ సుమారు 11 లక్షల 71 వేలు ముట్టునని ప్రకటననాడు చెప్పబడినది. దానిపై ఆదాయపు పన్ను లేదు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడను హోదాయు లేదు. సేవానిధిని ప్రభుత్వము చేయు దానముగా వర్ణించు ఉపన్యాసములు విన్నప్పుడెల్లను, అందు సుమారు సగము ఆ కుర్రవాని జీతపు కోతయే యను సంగతి వక్తలు మరచిరా, లేక శ్రోతలు మరతురని నమ్మిరా యని నాకు సందేహము కలుగును.

ఆ ప్రకటన వెలువడిన మూడునాళ్ళకు, జూన్ 17న, సికింద్రాబాదు రైల్వేస్టేషనులో జరిగినది తమకు తెలియనిది కాదు. బోగీలు తగులబడెను, పోలీసు కాల్పులలో ఒక తెలుగు యువకుడు ప్రాణములు కోల్పోయెను. రైలును తగులబెట్టుటను నేను సమర్థింపను. కాని అచట గుమిగూడినవారిలో పెక్కుమంది పరుగులోను వైద్యపరీక్షలోను నెగ్గి, వ్రాతపరీక్ష నేడో రేపో యని నెలల తరబడి కనిపెట్టుకొనియున్న పిల్లలని మాత్రము తమకు జ్ఞాపకము చేయుదును. వారు కొలువు కావలెననిరి, పింఛను కావలెననిరి, జరుగవలసిన పరీక్షను జరిపింపుమనిరి. చదువు ఊసు ఒక్కని నోటనైనను వచ్చినట్లు నేను వినలేదు. కొలువుతో పాటు చదువును గూడ అడుగుటకు తమకు హక్కు కలదని వారికి తోచనే లేదు గదా యని ఆనాడు నాకు కలిగిన విచారము ఇప్పటికిని తీరలేదు.

ఈ పిల్లలెవరో కొంచెము దగ్గరగా చూడుడు. మా ఖమ్మము జిల్లాలోని చిన్న పట్టణమున జూనియరు కళాశాల మైదానము చుట్టును తెల్లవారకమునుపే పరుగులు మొదలగును. సైన్యపు ఎంపికలో 1,600 మీటర్లను అయిదున్నర నిమిషములలో ముగించినవానికి 60 మార్కులు; పది పుల్‌అప్పులు తీసినవానికి 40; తొమ్మిదడుగుల గుంటను దుముకుటకు మార్కులు లేవు గాని, దుమకలేనివాడు ఇంటిదారి పట్టవలసినదే. "గ్రౌండ్ కొట్టినావా?" యని ఒకరినొకరు పలుకరించుకొను వీరిలో చాలమంది ఇంటరు ముగించి డిగ్రీలో పేరు వ్రాయించుకొన్నవారు. నేను కొలువు విడిచిన సంవత్సరమున అట్టివాడొకడు టి.సి. కొరకు నా గదికి వచ్చెను. కాన్వాసు బూట్లకు మైదానపు ఎఱ్ఱమన్ను ఇంకను అంటియున్నది; అర్జీ కాగితము చొక్కాజేబులో నాలుగు మడతలై యున్నది. మొదటి సెమిస్టరులో ఒక్క బ్యాక్‌లాగు లేకుండ ఉత్తీర్ణుడైన బాలుడు. ఏల విడిచెదవని అడిగితిని. "సార్, నాలుగేండ్లు పోయొస్తే మా చెల్లి బీటెక్కు అయిపోద్ది. నా చదువుకేముంది సార్, తర్వాత చూసుకుంటా" అనెను. నేను సంతకము చేసితిని; చేయకుండుటకు నాకేమి యధికారము?

బి.టెక్. చదువు నాలుగేండ్లు, అగ్నివీరుని గడువును నాలుగేండ్లు. ఆ రెండును సరిగా ఒకదానికొకటి అతుకునట్లు ఆ యింటివారు లెక్క వేసికొనిరి. చెల్లెలి కళాశాల రుసుములో ప్రభుత్వము భరించునది పోగా మిగిలినది, హాస్టలు ఖర్చు, ల్యాప్‌టాపు, పరీక్ష ఫీజులు, బస్సు పాసు, ఇవన్నియు అన్న జీతములో కోతపడగా మిగిలిన 21,000 రూపాయలనుండి వెళ్ళవలెను. సైనికసేవ చేసి కళాశాల చదువు సంపాదించుకొనుట యనునది ఎక్కడనో అమెరికాలో మాత్రమే కల వింత యని మనవారనుకొందురు. అది మన యిండ్లలో చట్టము లేకుండనే జరుగుచున్నది. భేదమొక్కటే: సేవ చేయువాడొకడు, చదువుకొనువారు వేరొకరు. చేసినవానికి ఎవరు చదువు చెప్పింతురన్న ప్రశ్న మాత్రము ఎవ్వరి లెక్కలోను లేదు.

పదకొండు లక్షలు చేతికి వచ్చుచుండగా అతడు చదువుకొనరాదా యని తాము అడుగవచ్చును. అయ్యా, ఆ మొత్తము ఇల్లు చేరిననాడే దానికి హక్కుదారులు పుట్టుదురు: అమ్మాయి పెండ్లి, తండ్రి అప్పు, సగములో నిలిచిన స్లాబు. ఇరువదిమూడేండ్ల వాడు తల్లి యెదుట కూర్చుండి "ఈ డబ్బు నా డిగ్రీకి" అనగలడా? అనిన యెడల ఊరేమనును? డబ్బు అందరిదియు నగును. చదువుకొను హక్కు మాత్రము ఎవరి పేర నున్నదో వారిదే. మృగశిర కార్తెలో ఒకని చేను అడిగి పుచ్చుకొని, సంక్రాంతికి తిరిగి యిచ్చి, కౌలు ముట్టినది కదా యనువాడు ఎంత న్యాయము చేసినవాడో, చదువు వేళ దాటించి రొక్కము లెక్కపెట్టి యిచ్చు ప్రభుత్వమును అంత న్యాయమే చేసినదని నా అభిప్రాయము.

ఈ త్రోవన మనకన్న ముందు నడచిన దేశము అమెరికా. రెండవ ప్రపంచయుద్ధము ఇంకను ముగియకమునుపే, 1944 జూన్ 22న, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు సంతకము చేసిన శాసనమును జనులు జి.ఐ. బిల్లు అని పిలిచిరి. మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియనుకు చెందిన హారీ కోల్మెరీ అను న్యాయవాది వాషింగ్టనులోని మేఫ్లవర్ హోటలులో బసచేసి, ఆ హోటలువారి ఉత్తరపు కాగితములపైననే దాని తొలి ముసాయిదా వ్రాసెనట. ఆ శాసనము ప్రకారము యుద్ధమునుండి వచ్చినవాడు ఏ కళాశాలలో సీటు సంపాదించినను, ఏటికి 500 డాలర్ల వరకు రుసుమును, పుస్తకముల వెలతో కూడ, ప్రభుత్వము నేరుగా ఆ కళాశాలకు చెల్లించును. హార్వర్డు విశ్వవిద్యాలయపు రుసుమే ఆ దినములలో 400 డాలర్ల ప్రాంతమున నుండెను గావున దేశమందలి యే ద్వారమును వానికి మూయబడలేదు. ఇదిగాక తిండికి, అద్దెకు ఒంటరివానికి నెలకు 50 డాలర్లు, కుటుంబము గలవానికి 75 డాలర్లు. ఆ శాసనపు ప్రాణము ఈ రెండవ అంశముననే యున్నదని నేను తలంతును. రుసుము కట్టినంత మాత్రమున బీదవాడు చదువలేడు. చదువుచున్నంతకాలము ఇంటివారి యెదుట తలవంపు లేకుండ బ్రదుకవలెను.

పండితులు ఏమనిరో తెలిసిన తాము నవ్వుకొందురు. చికాగో విశ్వవిద్యాలయాధిపతి రాబర్టు హచిన్సు, ఈ శాసనముచేత కళాశాలలు దేశదిమ్మరుల బిడారములగునని పత్రికలో వ్రాసెను. హార్వర్డు అధ్యక్షుడు జేమ్సు కోనంటు సైతము, చదువునకు తగనివారు వచ్చిపడుదురని శంకించెను. వచ్చినవారు చంకన బిడ్డలతో వచ్చిరి, రేకుల గుడిసెలలో కాపురము లుండిరి, ముందు బల్లలపై కూర్చుండి ప్రశ్నలడిగిరి. 1947 నాటికి అమెరికా కళాశాల విద్యార్థులలో నూటికి 49 మంది వారే. చదువునకు తగనివారేమోయని శంకించిన గురువులే వారంతటి పట్టుదలగల విద్యార్థులను ఎన్నడును ఎరుగమని చెప్పుకొనవలసి వచ్చెను. 22 లక్షలమంది కళాశాలలలోను, ఇతర శిక్షణలతో కలిపి 78 లక్షలమందియు ఆ శాసనముచేత చదువుకొనిరి. అందు ఒక నల్లని మచ్చ కలదు, దానిని దాచి పొగడుట చరిత్ర చెప్పినవానికి తగదు: దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి కళాశాలలు నల్లజాతి సైనికునకు తలుపు తీయలేదు, నల్లవారి కళాశాలలో చోటు చాలక వేలమందిని త్రిప్పిపంపవలసి వచ్చెను. కాగితముమీద అందరకు సమానమైన హక్కు, అమలుచేయు చేతులు ఎవరివో వారి యిష్టము వచ్చినట్లు వంగునని ఇందువలన తెలియుచున్నది.

ఆ దేశము ఇంత ఔదార్యము చూపుటకు కృతజ్ఞత సగము కారణము, భయము సగము కారణము. మొదటి యుద్ధమున పోరాడినవారు తమకు వాగ్దానము చేసిన బోనసును ముందుగా ఇమ్మని 1932లో రాజధానిలో గుడారములు వేసికొని కూర్చుండగా, జనరల్ మెకార్థర్ నాయకత్వమున గుఱ్ఱపుదళముతోను, ట్యాంకులతోను, బాష్పవాయువుతోను వారిని తరిమికొట్టిన సంగతి శాసనకర్తలు మరువలేదు. పనిలేని కోటిన్నర సైనికులు మరల వీధులలో తిరుగకుండ వారిని తరగతిగదులలో కూర్చుండబెట్టుట మేలని వారికి తోచినది. ఆలోచన కొంత స్వార్థపూరితమే. అయినను ఫలము చెడలేదు. రెండవ యుద్ధము ముగిసిన 1945లో, ప్రపంచమునందెల్ల పెద్ద స్వచ్ఛంద సైన్యమని పేరొందిన 25 లక్షల భారత సైన్యములోనివారు బర్మానుండి, ఆఫ్రికానుండి, ఇటలీనుండి తిరిగి వచ్చిరి. ఇంటికొకనిని సైన్యమునకు పంపుటయే ఆచారముగా గల పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరము వంటి ఊళ్ళలో, ఊరిపేరుకు ముందు మిలిటరీ యను మాట చేరునంతగా పతకములు వచ్చెను. కళాశాల తలుపును అంత విశాలముగా తెరచిన శాసనము మాత్రము వారికొరకు పుట్టలేదు. అప్పటి ప్రభుత్వము పరాయిది, వెళ్ళిపోవు తొందరలో నున్నది. ఇప్పటిది మనదే గదా.

విద్యార్థి రుసుము రాజు కట్టుట మన సంప్రదాయమునకు క్రొత్త కాదు. వరతంతుని శిష్యుడైన కౌత్సుడు 14 విద్యలకు 14 కోట్ల గురుదక్షిణ తేవలసి రఘుమహారాజును యాచించిన కథ రఘువంశము చదివినవారందరును ఎరుగుదురు. విశ్వజిద్యాగమున సర్వస్వమును దానము చేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండియు, ఆ రాజు కౌత్సుని రిక్తహస్తములతో పంపక, కుబేరునిపైకి దండెత్తుటకు రథము సిద్ధపరచెనేగాని, ముందు నా సేనలో నాలుగేండ్లు కొలువు చేసి రమ్మని యనలేదు. పురాణకథ యని తోసివేయుదురేని, కన్నుల యెదుట నున్న దృష్టాంతము చూపెదను. డాక్టరు అంబేద్కరు 1891లో పుట్టినది మౌ కంటోన్మెంటులో. తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు, సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు. ఊరి బడిగడప తొక్కనీయని కులమువారికి అక్షరము దొరికినది ఆనాటి పటాలములలో సైనికులకు, వారి పిల్లలకు చదువు చెప్పెడి ఆచారము వలన. ఆ పటాలపు అక్షరములే లేకున్న మన రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడెవరై యుండెడివారో నేను ఊహింపలేను. తరువాత 1913లో బరోడా మహారాజు శాయాజీరావు ఆయనకు నెలకు పదకొండున్నర పౌనుల వేతనమిచ్చి కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపెను. బదులుగా పది యేండ్లు సంస్థానమున కొలువు చేయవలెనని ఒప్పందము. ఆ ఒప్పందము చెల్లించుటకై 1917లో బరోడా వచ్చి మహారాజునకు మిలిటరీ కార్యదర్శిగా చేరిన ఆ విద్వాంసునకు, కులము కారణమున, తలదాచుకొన ఒక గది అద్దెకిచ్చినవాడు లేక, కొలది దినములకే వెళ్ళిపోవలసి వచ్చెను. చదువునకు సేవ వెలగా కట్టు ఒప్పందము మనలో కొత్తది కాదని చెప్పుటకే ఇంతయు వ్రాసితిని. కాని బరోడా వారు చదువు ముందిచ్చి సేవ తరువాత అడిగిరి. మనము సేవ ముందు పుచ్చుకొన్నాము. కావున మాట నిలుపుకొనవలసిన వంతు మనది.

ప్రభుత్వము ఏమియు చేయలేదని నేననను. పది తరగతులు చదివి చేరినవానికి జాతీయ సార్వత్రిక పాఠశాల ద్వారమున పండ్రెండవ తరగతి పత్రము ఇప్పించు ఏర్పాటు కలదు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము అగ్నివీరులకని ప్రత్యేకమైన డిగ్రీ నెలకొల్పినది. అందు సగము క్రెడిట్లు సైన్యమున పొందిన శిక్షణకే వచ్చును. తక్కిన సగము భాషలు, చరిత్ర, గణితము, వాణిజ్యము మొదలైన విషయములనుండి ఎన్నుకొనవచ్చును. ఆ పట్టికలో జ్యోతిషము కూడ కలదు. నాలుగేండ్ల తరువాత తమ గతి యేమగునో తెలిసికొనుటకు అగ్నివీరులకు అది అక్కరకు రావచ్చును. పరిహాసము చాలును: దూరవిద్యను నేను చులకన చేయను, దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మా హైదరాబాదుననే వెలసినది, దానిలో చదివి పైకి వచ్చిన గుమాస్తాలను, ఉపాధ్యాయులను ఎందరినో ఎరుగుదును. కాని రాత్రి కాపలా ముగించి, ఫోనులో పాఠము తెరచి, కునికిపాట్లు పడుచు సంపాదించిన పత్రమును, మూడేండ్లు గ్రంథాలయమున, ప్రయోగశాలలో, తోటివారితో వాదములాడుచు చదివిన చదువుతో సమానమని చెప్పి ఆ పిల్లవానిని నమ్మింపలేము. వానిని నమ్మించినను, కొలువిచ్చువానిని నమ్మింపలేము.

మరియొక చిత్రము గమనింపుడు. మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి పేరిట ఉపకార వేతనము కలదు. 2019లో పెంచిన ప్రకారము బాలురకు నెలకు 2,500, బాలికలకు 3,000 రూపాయలు. పదిహేనేండ్లు సేవ చేసిన మెట్రిక్యులేటును కొన్ని తరగతుల ఉద్యోగములకు పట్టభద్రునితో సమానముగా చూడవలెనను నిబంధనయు కలదు. ఇవన్నియు ముప్పదియైదేండ్లు దాటి పింఛనుతో ఇల్లు చేరువానికొరకు ఏర్పడినవి. వానికి చదువుకొను వయస్సు దాటినది, పిల్లలకు వచ్చినది. గావున పిల్లలకు ఇచ్చిరి. అగ్నివీరుడు ఇల్లు చేరునాటికి వానికి పెండ్లియే కాదు. చదువుకొను వయస్సు వానిదే. పదిహేనేండ్ల నిబంధన వానికి అందదు, మాజీ సైనికుడను హోదా లేదు గనుక పిల్లలు పుట్టినను ఆ ఉపకార వేతనము వారికి దొరకదు. పాత సైనికునకు కుట్టిన అంగీని చింపివైచి, క్రొత్తవానికి క్రొత్తది కుట్టుట మరచిన చందమున నున్నదీ వ్యవస్థ.

నేను కోరునది యిది. గడువు ముగించి గౌరవముగా వెలుపలికి వచ్చిన ప్రతి అగ్నివీరునకు, సేవానిధితో సంబంధము లేకుండ, తనకు సీటు వచ్చిన ప్రభుత్వ విశ్వవిద్యాలయమునందైనను, గుర్తింపుగల కళాశాలయందైనను నాలుగేండ్ల చదువునకు తగిన రుసుమును, నెలనెల జీవనభృతిని శాసనమూలముగా హక్కుగా నిర్ణయింపుడు. ఆ హక్కు పదియేండ్లు చెల్లునట్లుండవలెను. ఇంటి అవసరములు తీర్చుకొని ఇరువదియేడవ యేట వచ్చినవానిని వయస్సు మించినదని గడపలో నిలుపరాదు. సైన్యమున నిలిచిపోయిన నూటికి ఇరువదియైదుగురికిని అది ఉండవలెను. లేనిచో చదువు, ఎంపిక కానివారి కంటితుడుపు అనిపించును. సేవలో ప్రాణములు విడిచినవాని కుటుంబమునకు 48 లక్షల బీమా ఇచ్చుచున్నారు, మంచిది. వాని హక్కు వాని చెల్లెలికో తమ్మునికో సంక్రమించుట అంతకన్న పెద్ద భారము కాదు. అమెరికా 2009 ఆగస్టునుండి అమలుచేయుచున్న క్రొత్త శాసనమున 36 నెలల చదువునకు రుసుము, ఇంటి అద్దె భత్యము, పుస్తకముల ఖర్చు ఉన్నవి. భార్యాబిడ్డలకు బదలాయించు వీలును కొన్ని షరతులతో కలదు. అంతకుముందు 1980ల నాటి ఏర్పాటులో సైనికుని జీతమునుండియే నెలకు 100 డాలర్ల వంతున ఏడాదిపాటు కోసెడివారు. క్రొత్తదానిలో ఆ కోతను మానివేసిరి. మన కోత కొలదిని చూచినచో వారి పాత కోత స్వల్పమే.

ఇట్టి హక్కును ఎట్లు చెఱచవచ్చునో తెలుగువారికి తెలిసినంతగా మరెవ్వరికిని తెలియదు గావున ఈ హెచ్చరిక చేయుట నా విధి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినప్పుడు, కూలివాని కూతురు ఇంజనీరగుట నేను కన్నులార చూచితిని. ఆ పథకమును నిందించు నోరు నాకు లేదు. కాని ప్రభుత్వపు సొమ్ము వచ్చునని తెలియగానే పరికరములు లేని ప్రయోగశాలలతో, జీతమునకు పేరున్న పనికి మనిషి లేని అధ్యాపకులతో కళాశాలలు లేచెను. తరువాత బకాయిలు పేరుకొనెను. బకాయి ప్రభుత్వానిది, శిక్ష విద్యార్థిది: సొమ్ము వచ్చువరకు సర్టిఫికెట్లు ఈయమని యాజమాన్యములు బీరువాలకు తాళము వేసికొనెను. నా విద్యార్థి యొకడు ఒక సంస్థలో కొలువు వచ్చియు, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపలేక, గడువు దాటి దానిని పోగొట్టుకొనెను. అమెరికాలోను లాభమునకు నడచు కళాశాలలు సైనికుల సొమ్ముకై వలలు పన్నినవి. వానిలో పెద్దవి కొన్ని 2015, 2016 సంవత్సరములలో ఉన్నట్టుండి మూతపడగా, చదువుచున్న మాజీ సైనికులు సగములో వీధినపడిరి. కావున సొమ్ము ఆలస్యమైన యెడల వడ్డీతో చెల్లింపవలెనని, ఏ కారణముచేతనైనను కళాశాల పత్రములను ఆపరాదని, పరీక్షకు నిలువని కళాశాలకు ఈ హక్కు చెల్లదని ఆ శాసనముననే వ్రాయుడు. జీవనభృతి మాత్రము ఎవ్వరి చేతిమీదుగను పోక, సూటిగా వాని ఖాతాలో పడవలెను.

ఇక ఒక ఆక్షేపణ. చదువు ఆశచూపి బీదవాని బిడ్డను తుపాకి పట్టింపవచ్చునా యని నా మిత్రులే నన్నడిగిరి. ధనికుని కొడుకు తండ్రి సొమ్ముతో చదువుకొనును, పేదవాని కొడుకు మంచుకొండలలో నిలిచి చదువు కొనుక్కొనవలెనా? ఈ ప్రశ్నలో న్యాయము కలదు. దీనికి తప్పించుకొను సమాధానము చెప్పి నేను తృప్తిపడలేను. అమెరికాలో సైన్యపు భర్తీ కార్యాలయములవారు కాలేజీ ఖర్చును ముందు పెట్టి బీదల పిల్లలను పిలుచుచుందురని అక్కడి ఆలోచనాపరులు ఎంతోకాలముగా మొఱపెట్టుచున్నారు. సైన్యమున చేరని పిల్లవానికిని చదువు దొరకవలెను. ఆ ఋణము దేశమంతటిది, అది తమ శాఖకు చెందినది కాదు. కాని పిల్లవాడు చేరినాడు. చెల్లెలి రుసుముకొరకే చేరినాడనుకొందము. ఆ కారణముచేత వాని సేవ తక్కువది కాలేదు. ఆశ చూపి పిలుచుట వేరు, పని చేయించుకొన్న పిమ్మట బాకీ తీర్చుట వేరు. భర్తీ ప్రకటనలలో ఈ హక్కును పెద్ద అక్షరములతో అచ్చువేయకుడని నేనే ప్రార్థింతును. బయటికి వచ్చునాడు వాని డిశ్చార్జి పత్రముతోపాటు చేతికీయుడు.

2023 జనవరి 1న గోలకొండలోని ఆర్టిలరీ సెంటరు మొదలగు శిక్షణాలయములలో కసరత్తు ప్రారంభించిన మొదటి దళమునకు 2026 డిసెంబరుతో గడువు తీరును. మా తెలంగాణలో డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైను పద్ధతిలో వేసవిలో జరుగును. జనవరిలో ఇల్లు చేరినవానికి అంతవరకు అయిదారు నెలలు ఖాళీ. ఆ నెలలలోనే వాడు హైదరాబాదులో ఏ అపార్టుమెంటు గేటువద్దనో సెక్యూరిటీ కొలువునకు కుదురుకొన్నచో, తరువాత ఏ శాసనమును వానిని తరగతికి తేజాలదు. కావున ఆ అయిదు నెలలకు ఒక వంతెన పాఠ్యక్రమము, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలోనే, సాయంకాలములందు నడుపవచ్చును. మా వంటి విశ్రాంతులు జీతము లేకుండ పాఠము చెప్పుటకు ఒప్పుకొందుము. విడిచిపోయిన సెమిస్టరు మార్కులను గూర్చి చింత అక్కరలేదు: 2021లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఏర్పరచిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్సులో అవి ఏడేండ్ల వరకు నిలువయుండవచ్చును. ఒక ఉత్తరువు వచ్చిన చాలును, నా వద్ద టి.సి. పుచ్చుకొనిపోయిన బాలుని వంటివారు రెండవ సెమిస్టరునుండియే మొదలుపెట్టవచ్చును. ఆ ఉత్తరువు తమ శాఖయు విద్యాశాఖయు కలిసి ఈయవలసినది. రాష్ట్ర ప్రభుత్వములకు నకలు పంపవలసినది. 2027 వేసవి ప్రవేశ ప్రకటనలకు ముందే వెలువడవలసినది.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత చరిత్రోపన్యాసకుడు,
ఖమ్మము జిల్లా